ఓవర్‌హెడ్ క్రేన్‌కు కాంక్రీటు స్తంభాల ఆధారం

కర్మాగారాలు, జలవిద్యుత్ కేంద్రాల్లో పైన పట్టాల మీద నడిచే క్రేన్ భారాన్ని స్తంభాలకు, అక్కడి నుంచి పునాదికి చేర్చే నిర్మాణం ఇది. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు 7 ఉన్నాయి. ఇంత పెద్ద జనరేటర్ల రోటర్లను దించి బిగించాలన్నా, మరమ్మతుకు పైకి తీయాలన్నా క్రేనే దిక్కు.

క్రేన్ భారం నిలకడగా ఉండదు. భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం విద్యుత్ క్రేన్ చక్రాల గరిష్ఠ భారానికి అదురు కింద 25 శాతం కలపాలి. క్రేన్ మీద నడిచే ట్రాలీ, అది ఎత్తే సరుకుల బరువులో 10 శాతం పట్టాలకు అడ్డంగా, చక్రభారంలో 5 శాతం వాటి పొడవునా తోస్తుందని లెక్కించాలి. అడ్డపు తోపు అంకె చిన్నదే. అయినా అంత ఎత్తున పనిచేస్తుంది కాబట్టి స్తంభం అడుగున పెద్ద వంపు బలాన్ని పుట్టిస్తుంది.

పట్టాలను మోసే గర్డరు సాధారణంగా స్తంభం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కార్బెల్ మీద కూర్చుంటుంది. డిజైనర్ అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. ఇది పొట్టిది, లోతైనది. మామూలు దూలంలా పనిచేయదు. పై కడ్డీలు లాగుడును, ఏటవాలుగా కాంక్రీటు నొక్కుడును మోస్తాయి. కడ్డీల కొసలకు గట్టి పట్టు దొరకకపోతే ఈ ఏర్పాటంతా విఫలమవుతుంది. పై మూడింట రెండు వంతుల లోతులో అడ్డ రింగులు వేయాలి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వాటి వైశాల్యం ప్రధాన కడ్డీల వైశాల్యంలో కనీసం సగం. బేరింగ్ ప్లేటు అంచుకు మరీ దగ్గరైతే కాంక్రీటు మూల రాలుతుంది.

అడ్డపు తోపు కోసం గర్డరు పై ఫ్లాంజిని నేరుగా స్తంభానికి కట్టడం మేలు. ఆ కట్టు గర్డరు కొసల స్వల్ప కదలికను బిగపట్టకూడదు. బిగపడితే పదేపదే వచ్చే ఒత్తిడికి బోల్టులు అలసి తెగుతాయి.