అణు ప్రమాదంలో ప్రజారక్షణ

అణు కేంద్రంలో ప్రమాదం జరిగి రేడియోధార్మిక పదార్థాలు బయటపడినప్పుడు చుట్టుపక్కల జనాన్ని కాపాడే ఏర్పాట్లన్నిటినీ కలిపి ఈ పేరుతో పిలుస్తారు. ఆ ఏర్పాట్లు నిజానికి గుప్పెడే: తలుపులు మూసుకుని ఇంట్లో ఉండమనడం, ఊరు ఖాళీ చేయించడం, అయోడిన్ మాత్రలు మింగించడం, పాలూ ఆకుకూరలూ నీళ్లూ ముట్టవద్దనడం. వీటిలో ఏది ఎప్పుడు చేయాలన్న దగ్గరే ప్రభుత్వాలు పదేపదే తడబడ్డాయి.

మొదటి పాఠం పాల క్యానులో దొరికింది. 1957 అక్టోబరు 10న ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని విండ్‌స్కేల్‌లో, అణుబాంబుల కోసం ప్లుటోనియం తయారుచేసే రియాక్టర్ తగలబడుతోందని బయటపడింది. దాని పొగగొట్టం మీద వడపోత పెట్టాలని భౌతిక శాస్త్రవేత్త జాన్ కాక్‌క్రాఫ్ట్ గతంలో పట్టుబట్టినప్పుడు అది ఆయన పిచ్చి అని నవ్వినవాళ్లున్నారు. ధూళిలో చాలా భాగాన్ని ఆ పిచ్చే ఆపింది. అయోడిన్-131 మాత్రం తప్పించుకుపోయి పచ్చికమీద వాలింది. ఆ గడ్డి ఆవు మేస్తే పాలలోకి, ఆ పాలు బిడ్డ తాగితే గొంతులోని థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుంది. పాలలో ఎంతవరకు ఫరవాలేదో చెప్పే ప్రమాణం అప్పటికి లేదు. శాస్త్రవేత్తలు ఆదరాబాదరా లెక్కలు కట్టి లీటరుకు 0.1 మైక్రోక్యూరీ దగ్గర గీత గీశారు. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర కొన్ని వారాలపాటు పాలు పారబోశారు. రైతులకు పరిహారం ఇచ్చారు. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గుతుంది కాబట్టి ఆ కొద్ది వారాలే సరిపోయాయి. ఊళ్లు ఖాళీ చేయించలేదు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో జరిగిన ప్రమాదంలో బయటికి వచ్చిన రేడియేషన్ కొద్దిపాటిదే, గందరగోళం మాత్రం కొండంత. రెండు రోజుల తర్వాత పెన్సిల్వేనియా గవర్నర్ రిచర్డ్ థార్న్‌బర్గ్ అయిదు మైళ్లలోపు గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోతే మంచిదన్నారు. ఆ సలహా కొన్ని వేలమందికే వర్తిస్తుంది. ఇళ్లు వదిలిపోయినవాళ్లు లక్షకు పైనే.

ఏడేళ్ల తర్వాత అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు కేంద్రం దగ్గర దీనికి పూర్తిగా విరుద్ధమైన తప్పు జరిగింది: జనానికి చెప్పనేలేదు. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున రియాక్టర్ పేలితే, మూడు కిలోమీటర్ల దూరంలోని ప్రిప్యాట్ పట్టణంలో ఆ శనివారం పిల్లలు యథాప్రకారం బడికి వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం వెయ్యికి పైగా బస్సులు వచ్చి దాదాపు 49,000 మందిని ఎక్కించుకుపోయాయి. మూడు రోజుల్లో తిరిగి వస్తారని వాళ్లకు చెప్పారు. 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఉద్యోగుల బూట్లకు అంటిన ధూళి మోగించిన అలారంతోనే ప్రపంచానికి అనుమానం వచ్చింది. అప్పటికి చెర్నోబిల్ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు పాలు తాగేస్తూనే ఉన్నారు. 2005 నాటికి బెలారుస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లల్లో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు తేలాయి. అందులో పెద్ద వాటా కలుషితమైన పాలదే. విండ్‌స్కేల్ పాఠం ఇరవై తొమ్మిదేళ్లుగా అందుబాటులో ఉన్నా అక్కడ అక్కరకు రాలేదు.

పక్కనే ఉన్న పోలండ్ మాత్రం మాస్కో చెప్పేదాకా ఆగలేదు. 29 నుంచి మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే కోటి మందికి పైగా పిల్లలకు అయోడిన్ కలిపిన లూగోల్ ద్రావణం తాగించారు. పశువులను పచ్చికకు వదలవద్దన్నారు, పసిపిల్లలకు పాలపొడి ఇచ్చారు.

ఈ అయోడిన్ చికిత్సలోని కిటుకు చిన్నదే. థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి, అది మంచిదో చెడ్డదో గ్రంథికి తెలియదు. ముందే మంచి అయోడిన్‌తో నింపేస్తే రేడియోధార్మిక అయోడిన్‌కు చోటు దొరకదు. పెద్దలకు 130 మిల్లీగ్రాముల పొటాషియం అయోడైడ్ మాత్ర ఇస్తారు, పిల్లలకు వయసును బట్టి తగ్గిస్తారు. రేడియేషన్ సోకే ముందు రోజులోపు గానీ, సోకిన రెండు గంటల్లోపు గానీ వేసుకుంటే బాగా పనిచేస్తుంది. సీసియం లాంటి ఇతర రేడియోధార్మిక పదార్థాల మీద దీనికి ప్రభావం లేదు, నలభై దాటినవారికి పెద్దగా ఉపయోగమూ లేదు. 2011లో చైనాలో జనం అయోడైజ్డ్ ఉప్పు కోసం దుకాణాల మీద ఎగబడ్డారు. మన దేశంలో వాడే ఉప్పు లెక్కన ఒక్క మాత్రలోని అయోడిన్ రావాలంటే ఆరేడు కిలోలు తినాలి. ఆ పని చేసేవాడికి రేడియేషన్‌తో అవసరం ఉండదు.

అలా ఎగబడడానికి కారణం జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో జరిగిన ప్రమాదం. 2011 మార్చి 11 సునామీ తర్వాత జపాన్ ప్రభుత్వం ఆ రాత్రి 3 కిలోమీటర్లు, మర్నాడు పొద్దున 10, సాయంత్రానికి 20 కిలోమీటర్ల పరిధిలో ఊళ్లు ఖాళీ చేయించింది. గాలి వాటాన్ని అంచనా వేసే కంప్యూటర్ వ్యవస్థ ఉన్నా దాన్ని వాడుకోలేదు. నమియే ఊరి జనం కొందరు తల దాచుకున్న వాయవ్య దిక్కుకే రేడియోధార్మిక మేఘం కూడా వెళ్లింది. మిహారు పట్టణ అధికారులు పై ఆదేశం రాకుండానే నలభై ఏళ్లలోపువారికి మాత్రలు పంచారు. పాలు, ఆకుకూరలు ఈసారి త్వరగానే ఆపారు, పిల్లల గ్రంథులకు చేరిన మోతాదు చెర్నోబిల్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ ఒక ఆసుపత్రి నుంచి మంచాన పడ్డ ముసలివాళ్లను బస్సుల్లో గంటల తరబడి తిప్పడంలో, తర్వాతి రోజుల్లో నలభై మందికి పైగా పోయారు. తరలింపు, శిబిరాల బతుకు, దిగులు కలిపి ఫుకుషిమా రాష్ట్రంలో తీసుకున్న ప్రాణాలు 2,300కు మించాయి. రేడియేషన్ నుంచి కాపాడే పని రేడియేషన్ కన్నా ఎక్కువమందిని చంపగలదని లెక్కల్లో తేలింది అప్పుడే.

భారతదేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 1983లో ఏర్పడింది. అణు కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలన్నది ఇక్కడి పద్ధతి. కేంద్రం ప్రహరీ దాటి ప్రమాదం వస్తే బాధ్యత జిల్లా కలెక్టర్‌ది. ఇలాంటి ప్రమాదాల కోసం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఫుకుషిమా తర్వాత జపాన్ నిబంధనలు మార్చుకుంది. 5 కిలోమీటర్లలోపు వారికి మాత్రలు ముందే ఇచ్చి ఉంచుతారు, ముప్పు వస్తే వారిని వెంటనే తరలిస్తారు. 5 నుంచి 30 కిలోమీటర్ల వారు మొదట ఇంట్లోనే ఉండాలి. 2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి షికా అణు కేంద్రం 2011 నుంచీ ఆగి ఉండడం వల్ల పెద్ద ముప్పు తప్పింది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో దాక్కోవలసిన ఇళ్లు కూలిపోయాయి, పారిపోవలసిన రోడ్లు తెగిపోయాయి. ఆ నిబంధనల మీద అక్కడ మళ్లీ చర్చ మొదలైంది.