ఏటికి ఈవల, ఏటికి ఆవల

పల్నాటికి కృష్ణానది పొలిమేర. ఈవల మాచర్ల, గురజాల. ఆవల నల్లగొండ సీమ. రెండు గట్టులందును తెలుగు పలుకువారు కలరు. అయినను 1948 వరకు ఈవల చెన్నపట్టణపు ప్రభుత్వము, ఆవల నైజాము ప్రభుత్వము నుండెను. ఏరు దాటునప్పటికి వార్త వేఱు రూపము దాల్చుచుండెను.

ఈవల పత్రికలకు స్వేచ్ఛ యుండెనని తలపరాదు. 1908లో తిరునెల్వేలి కాల్పులను ఖండించుచు బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన వ్రాతకుగాను గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెఱసాల పాలైరి. 1910 నాటి ముద్రణ చట్టముచే ముద్రాపకులు ధరావతు కట్టవలసివచ్చెను. వ్రాత దొరలకు రుచింపనిచో ఆ ధనము పోవును. ఆవల 1926 నుండి సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున ‘గోలకొండ పత్రిక’ ఆంక్షల నడుమనే తెలుగువారి కష్టసుఖములను వెల్లడించెను.

1947లో దేశము స్వతంత్రమైనను హైదరాబాదు సంస్థానము భారతమున చేరలేదు. రజాకార్ల దౌర్జన్యములకు వెఱచి జనులు పిల్లాపాపలతో సరిహద్దు దాటి వచ్చిరి. హైదరాబాదున షోయబుల్లాఖాను అను యువకుడు ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ పత్రిక నడపుచు, సంస్థానము భారతమున చేరుటయే మేలని వ్రాసెను, రజాకార్లను ఖండించెను. తాను మహమ్మదీయుడయ్యు, తన మతమువారి పేరు చెప్పుకొని చెలరేగినవారికి వెఱవలేదు. 1948 ఆగష్టు 21వ తేది రాత్రి దుండగులు ఆయనను కాల్చి, చేయి నఱికిరి. తెల్లవాఱునప్పటికి ఆయన ప్రాణములు విడిచెను.

సెప్టెంబరులో భారతసేనలు ప్రవేశించెను. నైజాము పాలన అంతమొందెను. తరువాతి కథయు మనము తెలిసికొనవలెను. పండిత సుందరలాలుగారి సంఘము సంస్థానమున పర్యటించి, ఆ సైనికచర్య కాలమునను అటుపిమ్మటను 27,000 మొదలు 40,000 వఱకు జనులు హతులైరని అంచనా వేసెను. వారిలో పెక్కురు మహమ్మదీయులు. ప్రభుత్వము ఆ నివేదికను ప్రకటింపలేదు. అది దశాబ్దములు మరుగుననే యుండెను. రజాకార్ల ఘోరములను విన్న మన గ్రామములు ఈ ఘోరమును వినలేదు.

ప్రత్తి ధర దలారి యొకడు చెప్పినంతనే రైతు నమ్మడు. గుంటూరునుండి వచ్చిన మఱియొకని నడుగును. రచ్చబండపై పత్రిక చదివి వినిపించు పెద్దలు వార్తను గూర్చియు నిట్లే విచారింపవలెను. కన్నులార చూచినవాడెవడు? దీనివలన లాభము పొందువాడెవడు? ఎదుటి పక్షమువారు చెప్పునదేమి? మన పక్షమునకు ఇంపైన వార్త వచ్చినపుడు ఈ ప్రశ్నలు మఱింత గట్టిగా వేయవలెను. విను జనులకు ఈ నిదానము లేనిచో, ప్రాణములొడ్డి వ్రాసినవాని శ్రమ వ్యర్థమగును.