రేడియేటరు నీటి కథ

మోటారుబండి పుట్టినది మొదలు దానికి తీరని దాహము. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండికి నేడు మన మెరిగిన రేడియేటరు లేదు. సిలిండరు చుట్టునున్న నీరు కాగి ఆవిరియై పోవుచుండెడిది. పోయినంత నీరు మరల పోయవలసి వచ్చెడిది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని అట్టి బండిమీద మాన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టినింటికి, 100 కిలోమీటర్లకు పైబడిన దూరము, ప్రయాణమయ్యెను. త్రోవలో మందులంగడిలో ఇంధనము కొనెననియు, పూడిన గొట్టమును టోపీసూదితో బాగుచేసెననియు చెప్పుకొందురు. మాకు మాత్రము అంతకంటె ముచ్చట గొలుపునది ఆమె త్రోవ పొడుగునను నీటికై ఆగుచు పోవుట. ఎండకాలమున ఘాటురోడ్డు ఎక్కుచు, డబ్బాతో వాగునకు దిగిన డ్రైవరును చూచినవారికి ఆ చిత్రము క్రొత్త కాదు.

ఈ దాహమును తగ్గించినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 సంవత్సరాంతమున తయారైన మెర్సిడెస్ బండి ముందుభాగమున ఆయన తేనెపట్టువంటి రేడియేటరు నమర్చెను. ఆరేసి మిల్లీమీటర్ల వెడల్పుగల చదరపు గొట్టములు 8,070. గొట్టములలో గాలి, వాని సందులలో నీరు, వెనుక పంకా. నీటి అవసరము సగమునకు తగ్గి 9 లీటర్లయ్యెను. నేటి రేడియేటర్ల రూపము మారినను, పలుచని నీటిపొరను గాలికి ఎదురొడ్డుట యను సూత్రము మారలేదు.

దాహము తగ్గినది గాని, చలిదేశములలో వేరొక చిక్కు మిగిలెను. నీరు గడ్డకట్టునపుడు తన పరిమాణమున సుమారు 9 శాతము పెరుగును. ఆ ఒత్తిడికి పోతయినుము సైతము పగులును. కనుక శీతకాలమున రాత్రి నీరు తీసివేయుట, ఉదయము నింపుట వాడుకయ్యెను. కొందరు నీటిలో ఉప్పులు కలిపిరి, లోహము తినబడెను. కొందరు సారాయములు కలిపిరి. మిథైల్ సారాయము 65 డిగ్రీలకే మరగి ఎగిరిపోయెడిది. చివరకు అక్కరకు వచ్చినది ఇథిలీన్ గ్లైకాల్. ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్స్ 1850ల నాటికే దీనిని తయారుచేసియుండెను. మొదటి ప్రపంచయుద్ధమున ఇది ప్రేలుడు పదార్థములకు ముడిసరుకయ్యెను. 1920ల చివర అమెరికాలో ప్రెస్టోన్ పేరిట రేడియేటరులోనికి వచ్చెను. ఇందొక వింత కలదు. శుద్ధ గ్లైకాల్ సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును. సగము నీరు కలిపినచో సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు ద్రవముగనే యుండును.

మన తెలుగునాట నీరు గడ్డకట్టునా, ఈ మందు మనకేల యని చాలకాలము అనేకులు తలచిరి. అంబాసిడర్ బండ్ల కాలమున బావినీరే పోసిరి. ఆ నీటిలోని సున్నము గారగా పేరుకొని సన్నని దారులను మూసివేయును. ఇనుమునకు త్రుప్పు పట్టించును. గ్లైకాల్ కలిసిన నీరు 100 డిగ్రీలకు గాక 107 ప్రాంతమున మరగును. బిగించిన మూత ఒత్తిడి వలన ఆ హద్దు ఇంకను పైకి పోవును. త్రుప్పును నివారించు మందులును అందే కలిసియుండును. అయితే ఆ మందులు కాలక్రమమున అరిగిపోవును, ద్రవమునకు ఆమ్లగుణము వచ్చును. దానిని మార్చవలసివచ్చుట అందువలననే.

గత వేసవిలో మేమే ఇంటిముంగిట ఈ పనికి పూనుకొంటిమి. ఇంజను పూర్తిగా చల్లారినదాక మూతపై చేయి వేయలేదు. వేడిమీద తీసినచో మరుగునీరు ముఖముమీదికి చిమ్మును. అడుగునున్న చిన్న కాకు త్రిప్పి పాతద్రవమును తొట్టిలోనికి దింపితిమి. మంచినీరు నింపి, హీటరు తెరచి, ఇంజనును కొంతసేపు నడపి, చల్లార్చి మరల తీసితిమి. మూడవ మారునకు గాని నీరు తేటబడలేదు. మొదటి రెండుమార్లు వచ్చిన ఎర్రనిమడ్డిని చూచి, అన్నాళ్లు ఇంజను దేనిని త్రాగుచుండెనో యని మేము నివ్వెరపోతిమి. పిదప బండి పుస్తకములో చెప్పిన రకమునే, శుద్ధజలము సమానముగా కలిపి పోసితిమి. రంగును చూచి రకమును నిర్ణయింపరాదు; అన్ని కంపెనీలు ఒకే రంగును పాటింపవు.

ఈలోగా గరాటు తెచ్చుటకు లోనికి పోయి వచ్చుసరికి, పొరుగింటి లేగదూడ ఆ పచ్చని తొట్టి మీదికి మోర చాచియున్నది. కేక వేసి, పలుపు పట్టి లాగితిమి. గ్లైకాల్ తియ్యగా నుండును. కుక్క, పసిబిడ్డ, దూడ అందరికిని రుచించును. శరీరమున అది ఆక్సాలిక్ ఆమ్లముగా మారి మూత్రపిండములలో స్ఫటికములై నిలిచి ప్రాణము తీయగలదు. ఫోమెపిజోల్ అను విరుగుడు ఉన్నది గాని అది గంటల పందెము, మన పల్లెటూళ్లకు అందునా? తొట్టిని వీధికాలువలో వంపుదమని అప్పటివరకు మా ఆలోచన. దానిని విరమించి, డబ్బాలోనికి పోసి బిరడా బిగించి, పైన విషమని వ్రాసి, అటువంటిది స్వీకరించు మరమ్మతు కార్ఖానాకు అప్పగించితిమి. ఒలికినచోట నీరు విరివిగా చల్లి గుడ్డతో తుడిచితిమి.

మరునాటి ఉదయము చల్లని ఇంజనుపై మూత తీసి చూడగా మట్టము అంగుళము దిగియుండెను. లోపల చిక్కిన గాలి బయలువెడలినది. మిగిల్చియుంచిన ద్రవముతో దానిని నింపితిమి.