సింహళమున ఆరున్నరేండ్ల కొలువు

సిలోను అను పేరు వినగానే మన యిండ్లలో పెద్దవారికి ఒకప్పటి రేడియో పాటలు జ్ఞప్తికి వచ్చును. అంతకు ముందటి తరమువారికి ఆ పేరు ముత్యములను, తేయాకును గుర్తు చేసెడిది. నేనిప్పుడు చెప్పబోవునది పాటల సంగతి కాదు, తేయాకు సంగతియు కాదు. చదువు ముగించి, పట్టము పుచ్చుకొని, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున ఉద్యోగమునకై ఆ ద్వీపమున దిగిన ఒక ఆంగ్ల యువకుని కథ. అతని పేరు లెనార్డ్ వుల్ఫ్. నవలారచయిత్రి వర్జీనియా వుల్ఫ్ భర్తగా లోకము అతనిని ఎరుగును. కాని ఆమెను వివాహమాడుటకు ముందు అతడు సింహళ ప్రభుత్వములో అధికారి. పాలించుటకు పోయినవానికి ఆ పాలనయే ఎట్లు గురువైనదో తెలిసికొనుటకు ఈ కథ ఉపకరించును.

వుల్ఫ్ 1880లో లండనులో ఒక యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి పేరు గడించిన న్యాయవాది. ఆయన 1892లో మరణించుటతో, పలువురు బిడ్డలున్న ఆ యిల్లు కలిమినుండి ఒక్కసారిగా పొదుపులోనికి దిగెను. లెనార్డు ప్రతిభచేత విద్యార్థివేతనము సంపాదించి 1899లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరెను. పగలు గ్రీకు, లాటిను గ్రంథములు. రాత్రి లిట్టన్ స్ట్రేచీ మొదలగు మిత్రులతో సత్యమనగా నేమి, మేలనగా నేమి అను చర్చలు. ఇట్టి జీవితము ఎవరికి చేదు? కాని యిల్లు గడవవలెను గదా! 1904లో సివిల్ సర్వీసు పరీక్షకు కూర్చుండెను. స్వదేశమున పెద్ద కొలువు దొరకునంతటి పై స్థానము అతనికి రాలేదు. ఇండియా సర్వీసునకు వయస్సు మించిపోయెను. మిగిలినవి తూర్పు వలసలలోని కొలువులు. అతడు సింహళమును కోరుకొనెను. అది లభించెను.

1904 నవంబరులో ఓడ యెక్కెను. వెంట గొనిపోయిన సామానులో ఫ్రెంచి రచయిత వోల్టేరు గ్రంథావళి యుండెను. అది తొంబది సంపుటములు. చార్లెస్ అను పెంపుడు కుక్క వేరొక ఓడలో బయలుదేరెను. నిరంకుశాధికారమును జీవితమంతయు ఎగతాళి చేసిన రచయిత పుస్తకములను మోసికొనిపోవుచున్న తానే, తన్ను కోరని ప్రజలపై అధికారము చేయబోవుచున్నానను సంగతి అప్పటికి ఆ యువకునికి తట్టలేదు. తాను ఆనాడు ఎరుకలేని సామ్రాజ్యవాదినని తరువాత అతడే ఒప్పుకొనెను.

డిసెంబరులో కొలంబో చేరి, అనతికాలముననే ఉత్తరమున తమిళులు వసించు జాఫ్నాకు నియమింపబడెను. సింహళమున గవర్నమెంటు ఏజెంటు అనగా మన జిల్లా కలెక్టరు వంటివాడు. అతని కార్యాలయమును అక్కడివారు కచ్చేరి యందురు. మన కచేరియే అది. ఆ కచ్చేరిలో వుల్ఫ్ మొదట శిక్షణ పొందుచున్న చిన్న ఉద్యోగి. అర్జీలు, లెక్కలు, దస్త్రములు, వీనితో పగళ్లు గడచెడివి. మాటలాడుటకు తోటి ఆంగ్లేయులు కొలదిమంది యుండిరి గాని, కేంబ్రిడ్జి మాటలు తెలిసినవారు లేరు. ఒంటరితనమును స్ట్రేచీకి వ్రాసిన లేఖలలో వెళ్లబోసికొనెడివాడు. టైఫాయిడు జ్వరము పడి లేచెను. అయినను పనిని ప్రేమించెను. వచ్చిన ప్రతి ఉత్తరమునకు వచ్చిన దినముననే జవాబు పోవలెనని నియమము పెట్టెను. అది గుమాస్తాలకు రుచింపలేదు; కాని కచ్చేరి చురుకుగా నడచెను.

1906లో పశ్చిమ తీరమున మరిచ్చుక్కడ్డి అను చోట ముత్యముల వేట జరిగెను. ఎవరును లేని యిసుకనేలపై కొన్ని వారములలో వేలకొలది జనముతో ఒక పట్టణము లేచెను. అరబ్బు దేశములనుండియు, మన దక్షిణ దేశమునుండియు మునుగువారు వచ్చి, సముద్రములోనికి దిగి ఆలుచిప్పలు తెచ్చెడివారు. అందు మూడింట రెండు పాళ్లు ప్రభుత్వమునకు, ఒక పాలు ప్రాణమొడ్డి మునిగినవానికి. చిప్పలు కుళ్లినగాని ముత్యములు వెలికి రావు. ఆ దుర్గంధములో, ఆ యీగలలో, ఇంతటి జనమును గుప్పెడుమంది అధికారులు సద్దుమణిగి యుండునట్లు చూచిరి. అందు వుల్ఫ్ ఒకడు.

జాఫ్నాలోనే ఒక చిన్న సంఘటన జరిగెను. ఒకనాడు అతడు గుఱ్ఱముపై పోవుచు, వీధిలోనికి చొచ్చుకొని వచ్చిన ఒక అరుగును చేతిలోని కొరడాతో పై యధికారికి చూపెను. కొరడాతో తన ముఖముపై కొట్టెనని అచటి న్యాయవాది యొకరు ఆరోపించిరి. ఫిర్యాదు గవర్నరు దాక పోయెను. వుల్ఫ్ సంజాయిషీ వ్రాసెను. నిజమునకు అతడు కొట్టలేదు. అంతటితో మరచిపోదగిన సంగతియే. కాని అతడు మరవలేదు. ‘నేను కొట్టియుందునని వీరు ఇంత సులభముగా ఏల నమ్మిరి?’ అను ప్రశ్న అతనిని పట్టుకొనెను. కొరడా తగులకున్నను, గుఱ్ఱముపై నున్న తెల్లవాని ఉనికియే నేలపై నడచువానికి దెబ్బ వంటిదని మెల్లగా తెలిసెను. సామ్రాజ్యమును గూర్చిన మొదటి సందేహము అప్పుడే మొలకెత్తెను.

1907లో కాండీకి మారెను. అచట కారాగారములో ఉరిశిక్షలు అమలగునపుడు ప్రభుత్వము తరఫున దగ్గర నిలిచి చూచుట అతని విధులలో ఒకటి. ఆ దృశ్యములు అతనిని జీవితాంతము వెంటాడెను.

1908 ఆగస్టులో దక్షిణపు కొసనున్న హంబన్‌తోట జిల్లాకు అసిస్టెంటు ఏజెంటయ్యెను. ఇంచుమించు వేయి చదరపు మైళ్లు, లక్షమంది ప్రజలు. వయస్సు ఇంకను ఇరువదియెనిమిది నిండలేదు. పన్ను, బాట, బడి, చెఱువు అన్నియు అతని పాలివే. మేజిస్ట్రేటుగా తీర్పు చెప్పువాడును అతడే. వేసవిలో తీరపు కయ్యలలో నీరెండి ఉప్పు పేరెడిది. దానిపై గుత్తాధికారము ప్రభుత్వమునకే. ఉప్పు తీయించుట, తూయించుట, కొట్లకు చేర్చుట అతని పర్యవేక్షణలో సాగెను. 1930లో మన తీరమున ఉప్పుకై సత్యాగ్రహము చేసినవారి బిడ్డలకు ఆ గుత్తాధికారమన నేమో వేరుగా చెప్పనక్కరలేదు.

జిల్లా తూర్పు భాగమంతయు అడవి. నీరు కరవు. అచటి పల్లెలవారు చెట్లు నరికి కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి, కొంతకాలమైన పిదప మరియొక చోటికి పోవుదురు. దానిని వారు ‘హేన’ అందురు. ఆంగ్లేయులు ‘చేన’ అనిరి. మన మన్యపు పోడు వంటిదే. అడవి పాడగునని ప్రభుత్వము దానిని అదుపు చేసెను. నరుకుటకు అనుమతి కావలెను. అనుమతి కావలెనన్న గ్రామాధికారి దయ కావలెను. పంట లేని నెలలలో వడ్డీవ్యాపారి దయయు కావలెను. ఈ రెండు దయల నడుమ పల్లెటూరివాడు ఎట్లు నలిగిపోవునో వుల్ఫ్ కాలినడకను, గుఱ్ఱముపైని ఊరూర తిరిగి చూచెను. సింహళభాష నేర్చి, చెట్టుక్రింద కూర్చుండి వారి మాటలు వారి నోటనే వినెను.

ఇంతలో రిండర్‌పెస్ట్ అను పశువుల మహమ్మారి జిల్లాలో చొచ్చెను. ప్రపంచమునుండి 2011లో నిర్మూలమైనదని ప్రకటింపబడిన రోగమిదే. ఆనాడు దానికి మందు లేదు. పశువులను కట్టివేయుడు, విడిచిన రోగపు పశువును కాల్చివేయుదునని వుల్ఫ్ ఆజ్ఞాపించెను. తానే తుపాకితో కాల్చెను కూడ. ఆజ్ఞ శాస్త్రసమ్మతము. కాని బీద రైతునకు ఆ దున్నపోతు ఒక్కటే ఆస్తి. కట్టివేసిన పశువునకు మేత ఎక్కడిది? మేలు చేయుచున్నానని అధికారి తలచెను. దొర మా గొడ్లను చంపుచున్నాడని ప్రజ తలచెను. ఎంత బాగుగా పనిచేసిన, అంత దూరము పెరుగుచున్నదని అతనికి తోచెను.

1911 మేలో సెలవుపై స్వదేశమునకు పోయెను. మరల కొలువులో చేరలేదు. 1912లో రాజీనామా యిచ్చి, ఆ ఆగస్టులోనే వర్జీనియాను వివాహమాడెను. 1913లో ‘అడవిలోని పల్లె’ అను నవలను ప్రకటించెను. అందలి కథానాయకుడు దొర కాడు. సిలిందు అను వేటగాడు. గ్రామాధికారి కక్షకును, అప్పులవాని కోరికకును గురియై, తుదకు ఇరువురను కాల్చి చెఱసాలకు పోయినవాడు. పల్లె అడవిలో కలిసిపోవును. సింహళములో ఆ కథ 1980లో లెస్టర్ జేమ్స్ పీరిస్ దర్శకత్వమున చలనచిత్రమయ్యెను. ఆంగ్లదేశమున వుల్ఫ్ లేబరు పార్టీ పక్షమున వలసప్రజల స్వపరిపాలనకై ఏండ్ల తరబడి వాదించెను. 1948లో సింహళము స్వతంత్రమయ్యెను.

1960లో, ఎనుబదేండ్లు సమీపించుచుండగా, వుల్ఫ్ ఆ ద్వీపమును మరల చూడబోయెను. ప్రజలు గౌరవించిరి. ఒకప్పుడు హంబన్‌తోటలో గ్రామాధికారిగా నుండిన వృద్ధుడొకడు అతనిని వెదకుకొని వచ్చెను. పశువుల జబ్బు నాళ్లలో వుల్ఫ్ తనకు విధించిన జరిమానాను గుర్తుచేసి, అది న్యాయమేనా అని అడిగెను. ఏబదేండ్లు గడచినను ఆ ప్రశ్న చావలేదు. వుల్ఫ్ దానిని దాచిపెట్టక తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను.

నేడును మన యిండ్లనుండి పట్టభద్రులు దూరదేశములకు కొలువులకై పోవుచున్నారు. వారికి కొరడా లేదు, గుఱ్ఱము లేదు. అయినను తాము పోయిన చోట నేలపై నడచువాని కంటితో తమ్ము తాము ఒక్కమారు చూచుకొనుట వారికిని మేలే. వుల్ఫ్ తెచ్చిన తొంబది సంపుటములు నేర్పలేని దానిని ఆ వృద్ధుని ఒక్క ప్రశ్న నేర్పినది.