మూడు అర్జీలు

ఉద్యోగం కోరుతూ, మన చదువు వివరాల కాగితానికి పైన పెట్టి పంపే ఉత్తరాన్ని ఇప్పుడు కవరింగ్ లెటరు అంటున్నాము. మన పెద్దలు దానిని అర్జీ అన్నారు, దరఖాస్తు అన్నారు. రెండూ పారసీ కచేరీల మీదుగా మనకు చేరిన మాటలే. ఒకదానికి మనవి చేసుకోవటమని, మరొకదానికి కోరటమని అర్థం. ఏలినవారి ఎదుట చేతులు కట్టుకొని నిలబడిన మనిషి ఆ మాటలలోనే కనిపిస్తాడు. కుంఫిణీ దొరల కాలంలో కచేరీ భాష ఇంగ్లీషుగా మారింది గాని ఆ నిలుచున్న తీరు మారలేదు.

మా పాయకరావుపేటలో డిగ్రీలో డిప్లొమాలో పూర్తి చేసిన పిల్లలు అప్పుడప్పుడు ఇటువంటి ఉత్తరాలు తెచ్చి దిద్దిపెట్టమంటారు. నక్కపల్లి, అచ్యుతాపురం పరిశ్రమలకు కొందరు, హైదరాబాదు కంపెనీలకు కొందరు వ్రాస్తారు. నేను చూసినంతలో ఆ ఉత్తరాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, మీ సంస్థ ఉన్నతికి పాటుపడతాను. చివర సంతకం మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. జవాబు రాకపోతే మాత్రం, లోపం తమలోనే ఉన్నదని ఆ పిల్లలు కుంగిపోతారు. వారికి చెప్పాలని నేను దాచుకున్న కథలు మూడున్నాయి. మూడూ నిజంగా వ్రాసిన అర్జీల కథలు.

మొదటిది ఏలూరివారైన కావలి వెంకట లక్ష్మయ్యగారిది. ఆయన అన్నగారు బొర్రయ్య కల్నల్ కాలిన్ మెకంజీకి కుడిభుజంగా ఉండి, ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు, తాళపత్రాలు సేకరింపజేశారు. 1803లో ఆయన చిన్నవయసులోనే కన్నుమూయగా ఆ భారం తమ్ముడు లక్ష్మయ్య ఎత్తుకున్నారు. 1821లో మెకంజీ చనిపోయాడు. ఆగిపోయిన ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. ఆ పని ఆనుపానులు ఆయనకంటే ఎరిగినవారు అప్పట్లో ఎందరుంటారు? ఆయన ప్రతిపాదన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పరిశీలనకు వెళ్ళింది. 1836లో, జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్నప్పుడు, ఆ సంఘం కాదన్నది. ఇంత పెద్ద పనిని నడపటానికి విషయాలను తూచి సమన్వయించగల మేధ కావాలని, ఆ శక్తి ఇతనికే కాదు, ఈ దేశీయులలో ఎవరికైనా ఉంటుందనుకోవటం కష్టమని దాని సారాంశం. ఆ వ్రాతప్రతుల పరిశీలన విలియం టేలర్ అనే మతాచార్యుని చేతికి పోయింది.

రెండవ అర్జీ శ్రీనివాస రామానుజన్‌ది. ఆయన తమిళుడే అయినా ఆయన కథ మన గడప తొక్కి వెళ్ళింది. కుంభకోణం కాలేజీలో ఇంగ్లీషు తప్పి, ఉపకారవేతనం పోగొట్టుకొని, 1905లో ఆ కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయాడు. దక్షిణాది నుంచి విశాఖకు రైలుదారి మాకు తాండవనది ఆవలి ఒడ్డున ఉన్న తుని మీదుగానే పోతుంది. ఆయన రైలులో వెళ్ళి ఉంటే మా ఏటి వంతెన దాటే వెళ్ళి ఉండాలి. తరువాత 1910లో నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారి వద్దకు వెళ్ళి తన లెక్కల పుస్తకాలు చూపించాడు. ఆయన కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు.

1912 ఫిబ్రవరి 9న రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టుకు గుమాస్తా ఉద్యోగం కోసం వ్రాసుకున్నాడు. అది నాలుగు వాక్యాలు దాటి ఎంతో పెరగని ఉత్తరం. మెట్రిక్ ప్యాసైనాను, ఎఫ్.ఏ. వరకు చదివాను, కొన్ని ప్రతికూల పరిస్థితుల వలన చదువు ఆగింది, అప్పటినుంచి గణితంలోనే కాలం గడుపుతున్నాను, ఈ పని చేయగలనని నమ్మకమున్నది. ఇంతే. డిగ్రీ లేదన్న సంగతి దాచలేదు, దానిమీద శోకాలూ పెట్టలేదు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు దానికి తోడున్నది. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతం మీద చేరాడు.

మూడవ ఉత్తరం కూడా ఆయనదే. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాశాడు. పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో గుమాస్తానని, ఏడాదికి 20 పౌన్ల జీతమని, విశ్వవిద్యాలయపు చదువు లేదని మొదటనే చెప్పుకున్నాడు. ఆ తరువాత, మీరు వ్రాసిన ఫలానా పుస్తకంలో ప్రధానసంఖ్యల గురించి ఫలానా సూత్రం ఇంకా దొరకలేదన్నారు, నాకు దొరికింది అన్నాడు. సుమారు 120 సిద్ధాంతాలు వ్రాసి జతచేశాడు. దొరికిందన్న ఆ సూత్రంలో లోపమున్నదని తరువాత తేలింది. అయినా హార్డీ ఆ కాగితాలను వదలలేదు. మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కూర్చొని పరిశీలించి ఫిబ్రవరి 8న జవాబు వ్రాశాడు. మరుసటి ఏడు రామానుజన్ ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

ఇక్కడితో ఆపితే మంచి ఉత్తరం వ్రాస్తే చాలునన్న నీతి వస్తుంది. అది సగమే నిజం. హార్డీకంటే ముందు అదే కేంబ్రిడ్జిలో బేకర్, హాబ్సన్ అనే ఇద్దరు గణితాచార్యులకు రామానుజన్ వ్రాసి ఉన్నాడు. వారివలన ఫలితం రాలేదు. మనిషి అతడే, గణితమూ అదే. చదివిన కళ్ళు వేరు. లక్ష్మయ్యగారి అర్జీ అయితే విప్పకముందే తిరస్కరించబడినట్లు. అక్కడ తూచబడింది ఆయన పని కాదు, పుట్టుక. జవాబు రానంత మాత్రాన వ్రాసినవాడు తక్కువవాడు కాడని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మరి ఉత్తరం చేయగలిగిందేమిటి? చదివేవాడు న్యాయంగా చదివితే, తూచటానికి ఏదో ఒకటి అతని చేతిలో పెట్టగలదు. హార్డీ ముందు ఆ 120 సిద్ధాంతాలు ఉన్నాయి. నేను చాలా తెలివైనవాడినని వ్రాసి ఊరుకుని ఉంటే ఆయన ఏమి తూచగలడు? ఒక అమ్మాయి మూడేళ్ళు సెలవులన్నీ మేనమామ కిరాణా కొట్టు పద్దులు కంప్యూటరులోకి ఎక్కించింది. తన ఉత్తరంలో ఆ మాటే లేదు. అడిగితే, "అది సర్టిఫికెట్ కాదు కదండీ" అన్నది. ఆమె కోరుతున్నదేమో అకౌంట్సు ఉద్యోగం! ఆ మూడేళ్ళ పద్దులను మొదటి పేరాలో వ్రాయమన్నాను. ఎన్ని ఖాతాలు, ఏ లోటు ఎలా పట్టుకున్నావో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. ఏ సంస్థకు వ్రాస్తున్నావో వారి పని ఏమిటో తెలుసుకొని, నీ పని దానికి ఎక్కడ ఆనుతుందో చూపమన్నాను. లేని చదువును ఒక్క మాటలో ఒప్పుకొని ముందుకు పొమ్మన్నాను.

ఆ తరువాత వేయవలసిన మంచి ఉత్తరాలు ఒకటి కాదు, మూడైనా ఉండాలి. రామానుజన్‌కు మూడవ తలుపు తెరుచుకున్నది. లక్ష్మయ్యగారికి తెరుచుకోలేదు గాని, ఆ అన్నదమ్ములు కూడబెట్టిన కైఫీయతులు లేకుండా ఈనాటికీ మన ఊళ్ళ చరిత్ర వ్రాయటం సాధ్యం కాదు.