గండి పడని నాదము

కరెంటు లేక, బ్యాటరీ లేక పలికిన రేడియో ఒకటి పూర్వముండెను. దానికి స్ఫటికపు సెట్టు అని పేరు. ఇంటికప్పుపై కట్టిన పొడవైన తీగ, ఒక తీగచుట్ట, గెలీనా అను సీసపు ఖనిజపు ముక్క, దాని ముఖమును సుతారముగా తాకు సన్నని లోహతంతువు – ఇంతియే దాని సామగ్రి. ఈ ఖనిజము విద్యుత్తరంగములను పసిగట్టగలదని చూపి, 1904లో అమెరికా దేశపు పేటెంటు పొందినవారు మన జగదీశచంద్ర బోసుగారు. ఆకాశమార్గమున వచ్చిన తరంగమునందు ఎంత శక్తి యున్నదో అంత శక్తితోడనే ఆ సెట్టు పలుకవలెను. దానిని పెంచుటకు వేరొక ఆధారము లేదు. అట్టి లేశమాత్రపు శక్తిని నాదముగా మార్చి వినిపించు భారమంతయు శ్రోత తలకు తగిలించుకొను హెడ్‌ఫోనుపై పడెను.

నేడు వేలాది రూపాయల వెల గల ఇయర్‌ఫోనులను చెవిలోపల అమర్చుకొని సంగీతము వినువారు మన ఇండ్లలో కలరు. ఏది తియ్యగా పలుకును, ఏది ఎక్కువ కాలము మన్నును అని యువకులు వాదించుకొనుచున్నారు. ఈ చిన్న యంత్రముయొక్క చరిత్రను పరికించినచో, దాని మంచి గుణములన్నియు లేమినుండి పుట్టినవని మాకు తోచుచున్నది. ఉన్న కొద్దిపాటి శక్తిని చుక్కయైన వృథా పోనీయక వాడుకొనుటయే దాని మూలసూత్రము. అనంతపురపు పీఠభూమిలో నివసించువారికి ఈ సూత్రమును ప్రత్యేకముగా బోధింప నక్కరలేదు.

అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండి వేరుపడినది. 2022లో దాని దక్షిణభాగము శ్రీ సత్యసాయి జిల్లా అయినది. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించుటచేతను, ఈశాన్యపు వానలు తూర్పుతీరముననే చాలవరకు కురిసిపోవుటచేతను, ఈ సీమకు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే దక్కును. అందుచేత ఇచ్చటి పూర్వులు చెరువులు త్రవ్వించిరి. అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రము చెరువు 14వ శతాబ్దమున, విజయనగరపు బుక్కరాయల కాలమున వెలసినది. ఆ చెరువు తెగనున్న వేళ ఊరిని కాపాడుటకై ముసలమ్మ అను ఇల్లాలు ప్రాణమర్పించెనను కథను తీసికొని, కట్టమంచి రామలింగారెడ్డిగారు తమ విద్యార్థిదశలో ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. చెరువు ఎంత పెద్దదైనను కట్టకు గండి పడినచో నీరు నిలువదని ఈ సీమవాసులందరు ఎరుగుదురు. చెవిలోని నాదమునకును ఇదియే న్యాయము వర్తించునని ముందు చూడగలము.

చెవిలో చొప్పించు ఫోనును మొదట తలపెట్టినవాడు ఎర్నెస్ట్ మెర్కాడియే అను ఫ్రెంచి ఇంజనీరు. 1891లో ఆయన పేటెంటు పొందిన జంట టెలిఫోను తూకము 50 గ్రాములకు మించలేదు. చెవికి ఒరపిడి తగులకుండుటకును, బయటి సందడి లోపలికి రాకుండుటకును దాని కొనలకు రబ్బరు తొడుగులుంచెను. నేటి ఇయర్‌ఫోను కొనన కనిపించు మెత్తని తొడుగునకు ఇదియే పూర్వరూపము.

రెండవ మేలుమలుపు 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రమున సంభవించినది. నథానియెల్ బాల్డ్విన్ అను నతడు తన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోనులను తయారుచేసి, ఒక జతను అమెరికా నౌకాదళమునకు పరీక్షార్థము పంపెను. అవి ఎంతటి క్షీణస్వరమునైనను వినిపించుట చూచి అధికారులు ఆశ్చర్యపడిరి. అందలి రహస్యమిది: అప్పటి సామాన్యమగు ఫోనులో పలుచని ఇనుప రేకునే అయస్కాంతమునకు ఎదురుగ నుంచెడివారు. అయస్కాంతపు లాగుడునకు ఆ రేకు ఎల్లవేళల బిగిసియుండుటచేత స్వల్పమగు సంకేతమునకు సులభముగ కదలదు. బాల్డ్విన్ ఒక చిన్న ఇనుప పలుకను అయస్కాంత ధ్రువముల నడుమ త్రాసుముల్లువలె నిలిపెను. ఇరువైపుల లాగుడును సమానమగుటచే అది తేలికగా నిలిచి, అణుమాత్రపు విద్యుత్ప్రవాహమునకును ఊగును. ఆ ఊపును సన్నని కడ్డీ ఒకటి అభ్రకపు పొరకు అందించును. ఆ పొర గాలిని కదలించి నాదము పుట్టించును.

అభ్రకము మన తెలుగుదేశమునకు క్రొత్తది కాదు. గూడూరు, రాపూరు ప్రాంతములలో కాకిబంగారమని పిలువబడు ఈ ఖనిజము ఎంతో కాలము గనులనుండి తీయబడి విదేశములకు ఎగుమతి యగుచుండెను. విడదీసిన కొలది పొరలు పొరలుగా వచ్చుట, తేలికగనుండియు వంగక నిలుచుట, విద్యుత్తును ప్రవహింపనీయకుండుట దాని గుణములు. హెడ్‌ఫోను పొరకే కాక రేడియో సెట్లలోని కండెన్సర్లకును అది ముఖ్యమైన పదార్థమయ్యెను.

దక్షిణదేశమున రేడియో ప్రసారములకు 1924లో సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి చొరవతో స్థాపితమైన మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు నాంది పలికినది. ఆ సంవత్సరము జూలై 31న ప్రసారము మొదలయ్యెను. ధనాభావముచే 1927లో క్లబ్బు మూతపడగా, 1930లో మదరాసు కార్పొరేషను ఆ పనిని కొనసాగించెను. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. క్లబ్బువారి ప్రసారయంత్రము 200 వాట్లకు మించలేదు. అనంతపురము అచ్చటికి మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అంత చిన్న యంత్రపు పలుకు అంత దూరమునందలి స్ఫటికపు సెట్టుకు చిక్కునది కాదు. హెడ్‌ఫోను తలకు పెట్టుకొని వినిన ఆ తొలితరము ముచ్చట ఈ పీఠభూమికి దక్కలేదు.

ఇచ్చటి పల్లెలకు రేడియో వచ్చినప్పుడు పదిమంది కూడి వినునదిగా వచ్చినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము ఆరంభమైనవి. పంచాయతీ రేడియో లౌడుస్పీకరు క్రింద సాయంకాలము రైతులు చేరి వ్యవసాయపు ముచ్చట్లు, వార్తలు, వానజాడ ఆలకించెడివారు. వేరుసెనగ విత్తవచ్చునో లేదో తేల్చుకొనవలసిన వేళ ఆ మాట ఒక్కనికి వినబడిన చాలదు, అందరికిని వినబడవలెను. పిదప ట్రాన్సిస్టరు వచ్చెను. తోలుసంచిలో నుండు ఆ సెట్లు కొన్నిటితోపాటు ఒంటిచెవికి తగిలించు చిన్న ఇయర్‌ఫోను కూడ లభించెడిది. ఇంటిల్లిపాది నిద్రించు వేళ నాటకమో, క్రికెట్ వ్యాఖ్యానమో వినుటకు అది ఉపకరించినది. దాని నాదము సన్నము, మంద్రస్వరము శూన్యము. అయినను ఒంటరి శ్రవణము అనునది మన ఇండ్లకు అలవడినది ఆ చిన్న గుండీవంటి వస్తువువలననే.

ఇంతలో బాల్డ్విన్ త్రాసుముల్లు వేరొక దారి పట్టినది. దానికి ఆశ్రయమిచ్చినవారు వినికిడి తగ్గినవారు. 1946లో అమెరికాలో హ్యూ నోల్స్ స్థాపించిన సంస్థ, చెవి యంత్రములకు కావలసిన అతిచిన్న మైకులను, రిసీవర్లను తయారుచేసెను. 1947లో పుట్టిన ట్రాన్సిస్టరు 1950 దశకారంభమున చెవి యంత్రములలో ప్రవేశించెను. చిన్న బ్యాటరీతో ఎక్కువ దినములు పనిచేయవలెను గనుక ఇచ్చటను లేమియే గురువయ్యెను. స్వల్పశక్తితో పలుకు బాల్డ్విన్ పద్ధతియే ఈ రిసీవర్లకు తగినదయ్యెను. కాలక్రమమున అవి బియ్యపుగింజకంటె కొంచెము పెద్దవై చెవిలో ఇమిడిపోయినవి.

1979లో వాక్‌మన్ వచ్చి, నడచుచు సంగీతము వినుట లోకమునకు నేర్పినది. 1991లో మీడ్ కిలియన్‌గారి ఎటిమోటిక్ సంస్థ ఈఆర్-4 అను ఇయర్‌ఫోనును వెలువరించెను. కిలియన్‌గారు పూర్వము నోల్స్ సంస్థలో పనిచేసినవారు. చెవి యంత్రపు రిసీవరునే సంగీతమునకు వినియోగించుట ఆయన చేసిన మేలు. 1995లో జెర్రీ హార్వీ అను ధ్వని ఇంజనీరు రంగస్థలమున వాయించు డ్రమ్ము వాద్యకారుని కొరకు, అతని చెవి అచ్చు తీసి, మంద్ర తారస్వరములకు వేరువేరు రిసీవర్లుంచి ఇయర్‌ఫోనులు చేసెను. నేడు అంగళ్ళలో మిక్కిలి వెలకు అమ్ముడుపోవు ఇయర్‌ఫోనులలో పెక్కు ఈ వంశమునకు చెందినవే. వినికిడి తగ్గిన తాతగారి చెవి యంత్రమును, మనుమని వెలగల ఇయర్‌ఫోనును ఒక్క తల్లి బిడ్డలని చెప్పవచ్చును.

ఇక నాదపు సంగతి. ఇయర్‌ఫోను కొనకును కర్ణభేరికిని నడుమ నుండు గాలి మిక్కిలి కొద్ది. అది గట్టిగా మూయబడియున్నచో లోపలి పొర రవంత కదలినను చాలును, మంద్రస్వరము నిండుగ వినిపించును. తొడుగు సరిగా కుదురక వెంట్రుకవాసి సందు మిగిలినచో ఆ ఒత్తిడియంతయు బయటికి జారిపోవును. మృదంగపు ఎడమవైపు మ్రోత సన్నగిల్లును, తంబుర అడుగు శ్రుతి మాయమగును, పైస్వరములు మాత్రము గీచినట్లు మిగులును. చెరువుకట్టకు గండి పడుట యనగా ఇదియే. పదివేల రూపాయల యంత్రమైనను తొడుగు కుదరనిచో, కుదిరిన ఐదువందల రూపాయల యంత్రముకంటె హీనముగా పలుకగలదు. అందుచేతనే మంచి తయారీదారులు మూడు నాలుగు కొలతల తొడుగులను పెట్టెలో నుంతురు. వానిని పారవేయక ఒక్కొక్కటి పెట్టి చూచుట శ్రోత ధర్మము. కుడి ఎడమ చెవులకు వేరువేరు కొలతలు కావలసివచ్చుటయు వింత కాదు.

మరొక సూక్ష్మము కలదు. మన చెవి రంధ్రము సుమారు 25 మిల్లీమీటర్ల పొడవుగల గొట్టము. తెరచియున్నప్పుడు అది 3 వేల హెర్ట్జుల దరిదాపు స్వరములను పిల్లనగ్రోవివలె సహజముగ పెంచును. మాటలోని హల్లుల స్పష్టతకు ఆ ప్రాంతము ప్రాణము. ఇయర్‌ఫోనుతో రంధ్రమును మూసినంతనే ఈ సహజగుణము చెదరును. మూతచే పోయినదానిని యంత్రము మరల తెచ్చి యిచ్చినప్పుడే గాయకుని కంఠము మన యెదుట పలికినట్లుండును. నాదపు గొట్టములో అమర్చు చిన్న వడపోత మూత, గొట్టపు పొడవు, వెడల్పు – ఇవన్నియు ఈ లెక్కకు లోబడియుండును. చెరువు తూమువద్ద నీరుగంటి ఏ మడికి ఎంత వదలవలెనో కొలిచినట్లు, తయారీదారు ఏ స్వరము నెంత వదలవలెనో కొలుచును. మంద్రమును కుమ్మరించి గొప్ప నాదమని చూపు యంత్రములు తొలి అరగంట మురిపించి, పిదప అలసట కలిగించును.

రిసీవర్ల సంఖ్య ఎక్కువగుటయే శ్రేష్ఠత కాదు. త్రాసుముల్లు పద్ధతిగాక, తీగచుట్టకు పొర నంటించి కదలించు పద్ధతి మరియొకటి కలదు. ఆ పొర తేలికగాను బిరుసుగాను ఉండవలెను. అందుకై కొందరు వజ్రమునుబోలిన కర్బనపు పూత పూయుదురు. తొలకరి కురియగనే వజ్రకరూరు చేలలో వజ్రములకై వెదకు జనమును ఎరిగిన అనంతపురమువారికి ఈ మాట నవ్వు పుట్టించవచ్చును. కాని పేరు వజ్రమైనను అది చేయు పని పూర్వము అభ్రకము చేసినదే.

మన్నిక విషయమున పెట్టె తళుకుకంటె తీగ ముఖ్యము. పెక్కు ఇయర్‌ఫోనులు మొదట చెడునది తీగ ప్లగ్గుతో కలియు మెడవద్దనే. అచ్చట మెత్తని రబ్బరు మెడపట్టీ యున్నదా, తీగను ఊడదీసి మార్చుకొనవచ్చునా అని చూడవలెను. తరువాతి శత్రువులు చెమట, గులిమి, దుమ్ము. ఆషాఢపు గాలికి ఎర్రదుమ్ము రేగు ఈ సీమలో నాదపు గొట్టము మొగమున నుండు సన్నని జల్లెడ త్వరగ పూడుకొనును. ఒక చెవిలో నాదము తగ్గినచో యంత్రము చెడినదని తలచుటకు ముందు జల్లెడను పొడి మెత్తని కుంచెతో శుభ్రపరచి చూడవలెను. తొడుగులను మాత్రమే విడదీసి కడిగి, ఆరిన పిదప తొడుగవలెను.

ఇంతవరకు చెప్పినది యంత్రపు మేలు. చెవి మేలు దానికంటె పెద్దది. మన చెవి లోపల శబ్దమును గ్రహించు రోమకణములు ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు. అధికధ్వనిచే నశించినవి మనుష్యులలో మరల మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషను యూనియను 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదు. పిల్లలకు ఆ మేర 75 డెసిబెల్సు. ధ్వని 3 డెసిబెల్సు పెరిగినచో వినదగిన కాలము సగమగును: 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలు.

బస్సులో పోవు యువకుడు ధ్వనిని పెంచుట ఎందుచేత? ఇంజను మ్రోతను మించవలెనని. తొడుగు చక్కగా కుదిరినచో బయటి సందడి 20 డెసిబెల్సు వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తగ్గును. అప్పుడు పెంచవలసిన అగత్యమే యుండదు. కావున నాణ్యమైన పొందిక విలాసము కాదు, వినికిడికి రక్ష. అయితే అట్లు మూసిన చెవితో రోడ్డు దాటరాదు, సైకిలెక్కరాదు. లారీ హారను వినబడకపోవుటకు ఏ నాదపు మాధుర్యమును సాటిరాదు.

శబ్దము లేని లోకమున పెరుగు పిల్లల కష్టము అనంతపురమువారు ఎరుగనిది కాదు. 1969లో ఈ జిల్లాలో సేవ నారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వినికిడి లోపముగల బాలబాలికలకు ప్రత్యేకముగ పాఠశాలలు నెలకొల్పినది. పుట్టుకతో దక్కనివారి కొరకు అంత శ్రమ జరుగుచుండగా, దక్కినవారు చేతులార పోగొట్టుకొనుట తగదు.

కావున ఇయర్‌ఫోను కొనదలచిన గృహస్థులకు మేము చెప్పునది ఇంతియే. తంబుర శ్రుతితో కూడిన గానమొకటి ధ్వని తగ్గించి పెట్టి వినుడు. దవడ కదలించి చూడుడు. అడుగు శ్రుతి చెదరక, కంఠపు మాట విడివిడిగ తెలియుచు, ఇంకను తగ్గింపవచ్చునని తోచినచో ఆ వస్తువు వెలకు తగినది. పెంచినగాని రక్తి కట్టనిచో, దాని వెల ఎంతయైనను, మీ చెవికి అది తగినది కాదు.