కేలరీల లెక్క: ఆహారానికీ వ్యాయామానికీ సమతూకం ఎలా?

బరువు తగ్గదలచినవారిలో చాలామంది కేలరీలను లెక్కించడంతో తమ ప్రయత్నాన్ని ప్రారంభిస్తారు. ఆహారం ద్వారా అందే శక్తి కన్నా శరీరం వినియోగించే శక్తి ఎక్కువైనప్పుడే నిల్వ ఉన్న కొవ్వు కరుగుతుంది. అయితే తిన్నదానిని తక్కువగా, వ్యాయామాన్ని ఎక్కువగా అంచనా వేయడం వల్ల నెలల తరబడి నడిచినా ఫలితం కనిపించక కొందరు నిరాశ చెందుతుంటారు.

అవసరం ఎంత?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం, ఎక్కువ సేపు కూర్చుని పనిచేసే 65 కిలోల పురుషునికి రోజుకు సుమారు 2,110, 55 కిలోల స్త్రీకి 1,660 కేలరీలు అవసరం. గ్రాము పిండిపదార్థం నుంచి గానీ మాంసకృత్తుల నుంచి గానీ 4 కేలరీలు, గ్రాము కొవ్వు నుంచి 9 కేలరీలు లభిస్తాయి.

నడకతో ఖర్చయ్యేది ఎంత?

డెబ్బై కిలోల వ్యక్తి అరగంట సేపు వేగంగా నడిస్తే దాదాపు 120 కేలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద చెంచా నూనెలో ఉండే శక్తి కూడా దాదాపు అంతే. కప్పుకు రెండు చిన్న చెంచాల చొప్పున మూడు కప్పుల టీలో కలిపే చక్కెరదీ అదే లెక్క. పైగా ఆ 120లో సుమారు 35 కేలరీలు ఆ అరగంట ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. కాబట్టి చేతి గడియారం చూపిన అంకెను నమ్మి ఆ మేరకు అదనంగా తింటే లోటు మిగలదు. రోజువారీ అవసరాన్ని లెక్కగట్టినప్పుడే వ్యాయామాన్ని కలిపి ఉంటే, దానిని మళ్లీ జమ చేసుకోవడం ఒకే ఖర్చును రెండుసార్లు రాసుకోవడమే అవుతుంది.

రెండింటి పాత్ర వేరు

కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిల్వ ఉంటాయి. రోజుకు 1,800 కేలరీలు అవసరమైన వ్యక్తి ఆహారంలో 300 తగ్గించి, 45 నిమిషాల నడకతో అదనంగా మరో 130 ఖర్చు చేస్తే వారానికి 3,000 కేలరీల లోటు ఏర్పడుతుంది. అంటే దాదాపు 400 గ్రాముల కొవ్వు. బరువు తగ్గేకొద్దీ శరీర అవసరమూ తగ్గుతుంది కనుక ఈ వేగం క్రమంగా మందగిస్తుంది. కొన్ని వారాలకొకసారి లెక్కను సరిచూసుకోవాలి.

లోటులో అధిక భాగం ఆహారం నుంచే రావడం సులభం. అలాగని వ్యాయామాన్ని విడిచిపెట్టరాదు. కేవలం తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండరం కూడా తరుగుతుంది. కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం, పప్పులు, పెరుగు, గుడ్లు, చేపల వంటి మాంసకృత్తుల ఆహారం ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. తగ్గిన బరువు తిరిగి పెరగకుండా నిలుపుకోవడానికి కూడా వ్యాయామం తోడ్పడుతుంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శారీరక శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

వీరికి జాగ్రత్త అవసరం

ఇన్సులిన్ గానీ, రక్తంలో చక్కెరను తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు ఆహారం తగ్గించి వ్యాయామం పెంచితే చక్కెర స్థాయి ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు, గర్భిణులు, బాలింతలు, హృద్రోగులు, ఎదిగే వయసు పిల్లలు వైద్యుల సలహా లేకుండా కేలరీలు తగ్గించరాదు. రోజుకు 800 కేలరీలకు మించని ఆహార నియమాన్ని ఎవరైనా సరే వైద్య పర్యవేక్షణలోనే పాటించాలి.